తిరగరాసే తెగువ

మంచి రచయితకు ఏం ఉండాలని కొత్తగా రాస్తున్నవాళ్ళు తరచు అడుగుతుంటారు. చదువు, భాష మీద పట్టు, లోకజ్ఞానం, మనుషుల మీద ప్రేమ... అన్నీ ఉండాల్సినవే, అందరూ చెప్పేవే. మాకు మాత్రం వీటన్నిటికంటే ముందు వరసలో కనిపించే గుణం మరొకటుంది. నలుగురూ మెచ్చుకున్న తన రచనను తానే మళ్ళీ ముందేసుకుని, ఇది చాలదు అనుకోగలగడం. అందుకు తెలుగులో గురజాడను మించిన సాక్ష్యం లేదు.

ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. జనం మెచ్చారు. 1897లో పుస్తకంగా వచ్చింది, ఆనందగజపతి మహారాజుకు అంకితమైంది. నాటకం ఆడింది, అచ్చయింది, రాజాదరణా దక్కింది. ఇంకొకరైతే ఆ పేరు మీద జీవితాంతం నెట్టుకొచ్చేవారు. గురజాడ ఆ నాటకాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. 1909లో వెలువడిన రెండో కూర్పును సవరణ అనడానికి నోరు రాదు, అది దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం మాటల మధ్య తలుచుకుని నవ్వుకునే గిరీశం, రామప్పంతులు, అగ్నిహోత్రావధాన్లు ఆ కూర్పులో రూపుదిద్దుకున్నవాళ్ళే. తొలికూర్పును పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే అవకాశం మనకు దక్కింది. రాయడం నేర్చుకోవాలనుకునేవారు ఒక్కసారైనా ఆ పని చెయ్యాలి.

అలా చదివినప్పుడు ముందుగా కళ్ళబడేది వేశ్య మధురవాణి. తొలికూర్పులో ఆమె ఉంది గాని, రెండోదానికి వచ్చేసరికి ఆమె ఎదిగిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చివరి అంకం గుర్తు తెచ్చుకోండి. సౌజన్యారావు పంతులు మంచి మనిషి, సంస్కర్త, వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్నవాడు. ఆయన గుమ్మంలోకి మధురవాణి మగవేషంలో అడుగుపెడుతుంది. లుబ్ధావధాన్లును కేసు నుంచి తప్పించే కీలకం ఆమె చేతిలో ఉంది. తానెవరో ఆమె బయటపెట్టిన క్షణాన ఆ పెద్దమనిషి నియమం తడబడుతుంది. గురజాడ ఆయన మంచితనాన్ని పిసరంత కూడా తగ్గించలేదు. అయినా ఆ గదిలో వివేకం ఎవరిదో చూసేవారికి తెలిసిపోతుంది. గురజాడ స్వయంగా సంస్కరణ పక్షం మనిషి. తన పక్షం వాళ్ళను ఓ వేశ్య చేత నిలదీయించడానికి ఎంత నిజాయితీ కావాలి! తొలిరాతలో మన అభిప్రాయాలు ముందుకు తోసుకొస్తాయి. మళ్ళీ రాయడానికి కూర్చున్నప్పుడే పాత్రల మాట మన చెవిన పడుతుంది.

ఇంకో సంగతి. తొలికూర్పు పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చి చేసిన శుల్కం పెళ్ళిళ్ళకు మహారాజు జాబితా తయారుచేయించారు. అందులోకి ఎక్కినవి 1034. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగేవని గురజాడ రాశారు. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇంత సమాచారం చేతిలో పెట్టుకున్న రచయిత దాన్ని పాత్రల నోట ఉపన్యాసంగా పలికించలేదు. లెక్కలు పీఠికలో ఆగిపోయాయి. నాటకంలో ఉన్నది అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బి పెళ్ళి మాట ఎత్తగానే ఆ ఇంట్లో లేచిన గొడవ, తల్లి వెంకమ్మ దుఃఖం, తండ్రి కేకలు. తనకు తెలిసిందంతా పాఠకుడి మీద కుమ్మరించకుండా ఉండటం చాలా కష్టమైన విద్య.

ఆ విజయనగరంలోనే ఆ విద్యను మరో అంచుకు తీసుకెళ్ళిన రచయిత చాసో. ఆయన కథలు ఒక్క సంపుటంలో ఇమిడిపోతాయి. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో బడి జీతం కట్టే దారిలేక చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి ఉంటుంది. దాన్ని దాటుకుని వెళ్ళాలి. తోటిపిల్లల కంట పడాలి. పేదరికం గురించి రచయిత బోధించింది ఏమీ లేదు. ఆ పిల్లవాడి సిగ్గు మాత్రం చదివినవాళ్ళను వదలదు.

మా పత్రికకు అందే రచనల్లో ప్రతిభకు కొదవలేదు. శ్రీకాకుళం నుంచీ పాలమూరు నుంచీ, అమెరికాలో స్థిరపడ్డవాళ్ళ నుంచీ వచ్చే కథల్లో మునుపు తెలుగు కథలోకి రాని బతుకులు వస్తున్నాయి. అది నిజంగా సంతోషించాల్సిన విషయం. బాధపెట్టేది తొందర. పొద్దున తట్టిన ఊహ సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో కథ అవుతుంది, రాత్రికి మెప్పు వచ్చేస్తుంది, మర్నాడు అదే కథ పత్రికకు వస్తుంది. ఆ మెప్పే దాన్ని మళ్ళీ ముట్టుకోనివ్వదు. మంచి ఎత్తుగడ ఉన్న కథ చివరి పేజీలో ఉపన్యాసంగా మారిపోతుంటే, రచయిత ఇంకొక్కసారి కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

చెక్కి చెక్కి ప్రాణం తీసేసిన రచనలు కూడా లేకపోలేదు. వాక్యానికి నగిషీలు పెట్టడం తిరగరాయడం కిందకు రాదు. మనిషిని ఇంకా సరిగా చూశానా, ఎవరికైనా అన్యాయం చేశానా, ఈ మాట ఈ మనిషి నోట్లోదేనా, నా నోట్లోదా అని అడుగుతూ మొదటినుంచీ మళ్ళీ నడవాలి. అవసరమైతే ముచ్చటపడి రాసుకున్న పేజీని కొట్టెయ్యాలి. పాండిత్యం లేకున్నా ఇది చెయ్యవచ్చు. అహంకారం ఉంటే మాత్రం సాధ్యం కాదు.

మాకు కథ పంపాలనుకుంటున్న మిత్రులకు ఒక విన్నపం. రాయడం పూర్తికాగానే పంపకండి. కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీ కథలోని మనుషుల్లా బతికేవారెవరికైనా పైకి చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ మొహం తిప్పుకున్నారో గమనించి, అక్కడినుంచి మళ్ళీ రాయండి. ఆలస్యమైనా ఫరవాలేదు, మేం ఎదురుచూస్తాం.