పంటు ఒక్కటే... రోడ్డు ఎంత పెద్దదైతే ఏం?

అమలాపురంలో ఒక వీడియో స్టూడియో ఉందనుకోండి. పెళ్లికి రాలేకపోయిన పెళ్లికూతురి అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. ‘బాబాయ్‌గారూ, ఆదివారం అందరం కూచుని చూద్దామనుకుంటున్నాం. ఈలోగా పంపించెయ్యండి’ అని ఫోన్ చేశాడు. వీడియో 10 జీబీ. స్టూడియోలో ఉన్నది 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను. లెక్కప్రకారం పావుగంట పని. తీరా చూస్తే రాత్రంతా ఫైలు వెళ్తూనే ఉంది. ఇక 200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకోవాల్సిందేనని యజమాని తేల్చేసుకున్నాడు. ఆ డబ్బు దండగే కావచ్చు!

ఎందుకో తెలియాలంటే ముక్తేశ్వరం రేవుకి వెళ్లాలి. గోదావరి దాటి కోటిపల్లి చేరడానికి పంటు ఒక్కటే ఉందనుకుందాం. రేవుదాకా నాలుగు వరసల రోడ్డు వేసినా ఒరిగేదేమీ ఉండదు. పంటు అవతలికెళ్లి తిరిగొచ్చేదాకా బళ్లన్నీ ఆగాల్సిందే.

ఇంటర్నెట్‌లో ఫైళ్లను మోసే టీసీపీ పద్ధతీ ఇంతే. కొంత పంపుతుంది, ‘అందింది’ అన్న కబురు వచ్చాకే మరికొంత పంపుతుంది. మొదట్లో ఒక్క దఫాకి పరిమితి 64 కేబీ. కోనసీమ నుంచి అమెరికాకి కబురు వెళ్లి రావడానికి పావు సెకను పడితే, సెకనుకి నాలుగు దఫాలే. అంటే 256 కేబీ... సుమారు 2 ఎంబీపీఎస్! 10 జీబీ వెళ్లడానికి 11 గంటలు దాటుతుంది. లైను వేగం రెట్టింపు చేసినా అదే 11 గంటలు.

ఈ పరిమితిని పెంచే మార్గం 1992లోనే వచ్చింది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి కంప్యూటరే అవసరాన్నిబట్టి దాన్ని సర్దుకుంటోంది. అయినా కొన్ని సాఫ్ట్‌వేర్లు, అవతలి సర్వర్లు ఇప్పటికీ చిన్న బఫర్‌తోనే నెట్టుకొస్తుంటాయి.

మరి మందేమిటి? ఒకటి, పెద్ద పంటు. సెట్టింగుల్లో బఫర్ సైజు పెంచే వీలుంటే పెంచాలి. రెండు, ఎక్కువ పంట్లు. ఫైల్‌జిల్లా మామూలుగా ఒకేసారి రెండు ఫైళ్లే పంపుతుంది. దాన్ని పదిదాకా పెంచుకోవచ్చు. కానీ ఒక ఫైలుకి ఒక పంటే. అందుకని పెద్ద వీడియోని 7-జిప్ లాంటిదానితో ముక్కలు చేసి పంపాలి. మూడు, విడికాయల్ని బస్తాకెత్తడం. వెయ్యి ఫొటోలు విడివిడిగా పంపితే ప్రతిదానికీ కబుర్లు అటూఇటూ తిరగాలి. ఒక్కోదానికి నాలుగుసార్లనుకున్నా వెయ్యి సెకన్లు వృథా. అన్నీ కలిపి ఒక జిప్ చేస్తే ఆ బాధే లేదు.

ప్లాను మార్చేముందు చిన్న పరీక్ష. ఒకేసారి రెండు ఫైళ్లు పంపి చూడాలి. మొత్తం వేగం రెట్టింపైతే లైను దోషం కాదు, పంటుదే. అస్సలు పెరగకపోతే ప్లానులో అప్‌లోడ్ వేగం ఎంత ఇచ్చారో, వైఫై ఎలా ఉందో చూసుకోవాలి. డబ్బు కట్టేది ఆ తర్వాతే.