చిన్న చక్రాల సైకిలు: ఔషధమెంతో అనుపానమంత

మధుమేహానికో, స్థౌల్యానికో, మోకాళ్ళ నొప్పులకో సలహా కోరి వచ్చేవారు ఇటీవల ఔషధంతో పాటు సైకిలును గురించి కూడా అడుగుతున్నారు. నడక మేలా, సైకిలు మేలా? కొంటే ఏది కొనాలి? చిన్న చక్రాలతో, పొడవాటి సీటుకడ్డీతో కనిపించే ఆ విచిత్రమైన బండి పెద్దవారికి పనికివస్తుందా? ఇవి వైద్యుని అడుగవలసిన ప్రశ్నలేనా అని కొందరు నవ్వవచ్చు. అడుగవలసినవేనని నా నిశ్చితాభిప్రాయం. గంటసేపు దేహభారాన్ని మోసే వస్తువు, కీళ్ళను వేలసార్లు కదిలించే వస్తువు వైద్యశాస్త్ర పరిధికి వెలుపలిది కాజాలదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. సైకిలు ఔషధం వంటిది. దానికి అమర్చుకొనే సామగ్రి అనుపానం వంటిది. ఒకే చూర్ణం తేనెతో ఒక గుణాన్ని, నేతితో వేరొక గుణాన్ని చూపుతుంది. తగని అనుపానంతో మంచి మందు కూడా వికటిస్తుంది. అలాగే రోగి శరీరానికి, అతడు తిరిగే దారికి సరిపడని సైకిలు ఎంత ఖరీదైనదైనా అపథ్యమే.

పిల్లల బండి కాదు

చక్రం చిన్నదైతే బండి నెమ్మదిగా నడుస్తుందని, అది పిల్లలకే తగినదని మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని అరవై యేళ్ళ క్రిందటే ఒక ఆంగ్లేయుడు వమ్ము చేశాడు. ఆయన పేరు అలెక్స్ మౌల్టన్ (1920–2012). ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే చిన్న పట్టణంలో రబ్బరు పరిశ్రమ నడిపిన కుటుంబానికి చెందిన ఇంజనీరు. 1959లో వెలువడిన మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ రూపొందించినది ఆయనే. 1956లో సూయజ్ సంక్షోభం వల్ల పెట్రోలుకు కరవు ఏర్పడినప్పుడు ఆయన దృష్టి సైకిలుపై పడింది. దశాబ్దాలుగా దాని రూపం మారకుండా ఉండడం చూచి, మొదటినుండి ఆలోచించడం ఆరంభించాడు.

1962లో ఆయన విడుదల చేసిన సైకిలుకు చక్రాలు 16 అంగుళాలవి. సీటుకు, హ్యాండిలుకు నడుమ ఉండే పై అడ్డగొట్టం లేదు, కాలెత్తకుండానే ఎక్కవచ్చు. టైర్లు సన్ననివి, గట్టిగా గాలి నింపేవి. గట్టి టైరు తేలికగా దొర్లుతుంది గాని, కుదుపును నేరుగా ఎముకలకు చేరవేస్తుంది. ఆ కుదుపును మ్రింగడానికి ముందు, వెనుక రబ్బరు సస్పెన్షన్ అమర్చాడు. అదే సంవత్సరం డిసెంబరులో జాన్ వుడ్‌బర్న్ అనే పందెగాడు ఆ తరహా సైకిలుపై కార్డిఫ్ నుండి లండన్ వరకు తొక్కి పాత రికార్డును అధిగమించాడు. 1986లో జిమ్ గ్లోవర్ గాలికి అడ్డుపడని కవచం తొడిగిన మౌల్టన్ సైకిలుపై గంటకు సుమారు 82 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు.

దీనిలోని రహస్యం సామాన్యమైనదే. చక్రం చిన్నదైనప్పుడు ముందున్న పళ్ళచక్రాన్ని పెద్దది చేస్తే సరిపోతుంది. 20 అంగుళాల చక్రానికి ముందు 52 పళ్ళు, వెనుక 13 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు 6 మీటర్లు సాగుతుంది. సాధారణ పెద్ద చక్రాల రోడ్డు సైకిలుపై 46, 16 పళ్ళ జతతో సాగేదూరమూ అంతే. పైగా చిన్న చక్రం తేలిక. ఆగిన చోటినుండి త్వరగా కదులుతుంది. మాటిమాటికీ ఆగవలసిన నగర వీధులలో ఇది చిన్న సుగుణం కాదు.

రథక్షోభం

అయితే గుణమున్న చోట దోషమూ ఉంటుంది. పెద్ద చక్రం దాటిపోయే గుంతలో చిన్న చక్రం దిగబడుతుంది. స్పీడు బ్రేకరు మీద కుదుపు హెచ్చు. హ్యాండిలు చురుకుగా తిరుగుతుంది కనుక క్రొత్తవారికి మొదటి వారం రోజులు తడబాటు తప్పదు. మన వీధుల స్థితిని ఎరిగినవారికి ఈ దోషం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

చరక సంహితలోని సిద్ధిస్థానంలో పంచకర్మ చేయించుకొని ఇంకా బలం పుంజుకోనివారు వర్జించవలసిన ఎనిమిది విషయాలు చెప్పబడ్డాయి. బిగ్గరగా మాట్లాడడం, అతిగా నడవడం, అతిగా కూర్చోవడం వంటివాటితో పాటు ‘రథక్షోభ’, అనగా వాహనపు కుదుపు, అందులో ఒకటి. దానివలన కీళ్ళు సడలడం, తలనొప్పి, కడుపులో కలత, పిరుదులు, గజ్జలు, నడుము, వీపులలో నొప్పి, మెడ, భుజాల దౌర్బల్యం, పాదాల వాపు, తిమ్మిరి కలుగుతాయని మహర్షి వివరించాడు. అమరిక కుదరని సైకిలు తొక్కి నావద్దకు వచ్చేవారు చెప్పే బాధలు దాదాపు ఇవే! గుర్రపు రథాల కాలంలో గుర్తించిన వాతప్రకోపమే నేటి తారు రోడ్డు మీదా కలుగుతున్నది.

కనుక నా మతం ఇది. మన వీధులలో చిన్న చక్రాల సైకిలు కొనేవారు కుదుపును మ్రింగే ఏర్పాటును మొదట చూడాలి, అందచందాలను తరువాత చూడాలి. లక్షలు పోసి మౌల్టన్ తెప్పించుకోవాలని నేననను. సస్పెన్షన్ లేనప్పుడు కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లయినా ఉండాలి. అలాగని మరీ మెత్తని టైర్లూ కూడదు. 1965లో ర్యాలీ సంస్థ మౌల్టన్‌కు పోటీగా ఆర్.ఎస్.డబ్ల్యు. 16 అనే బండిని విడుదల చేసింది. సస్పెన్షన్‌కు బదులు లావైన, తక్కువ గాలి పట్టే టైర్లతో సరిపెట్టింది. కుదుపు తగ్గింది గాని, తొక్కడం భారమైంది. ఒక దోషాన్ని అణచబోయి మరొక దోషాన్ని రెచ్చగొట్టే చికిత్స శుద్ధ చికిత్స కాదని మన శాస్త్రం చెప్పేది ఇందుకే.

కొనేటప్పుడు

ఇంటిల్లిపాదికీ ఒకే సైకిలు అనుకొనే మధ్యతరగతి కుటుంబానికి ఈ బండి అనుకూలమైనది. సీటు, హ్యాండిలు ఎత్తు తగ్గించి పెంచి భార్యాభర్తలిద్దరూ వాడుకోవచ్చు. అడ్డగొట్టం లేని నమూనా అయితే చీర కట్టుకొన్నవారికి, తుంటి సులువుగా తిరగని పెద్దవారికి ఎక్కడం తేలిక. చీర కుచ్చెళ్ళు గొలుసులో పడకుండా కవరు మాత్రం తప్పనిసరి. అపార్టుమెంటు వరండాలో, లిఫ్టులో సులభంగా ఇముడుతుంది. కాని చిన్న చక్రాలున్నదల్లా మడతపడేది కాదు. మౌల్టన్ సైకిళ్ళు మడవవు. కొన్ని నమూనాలు రెండు ముక్కలుగా విడివడతాయి, అంతే. మడత అవసరమైనవారు ఆ సంగతి ముందుగా విచారించుకోవాలి.

మరొక జాగ్రత్త. దుకాణంలో ‘20 అంగుళాలు’ అని చెప్పే చక్రాలు రెండు కొలతలలో ఉంటాయి. టైరు ప్రక్కన 40–406 వంటి సంఖ్య ముద్రించి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. 406 కొలత టైరు 451 కొలత రిమ్ముకు పట్టదు. పిల్లల సైకిళ్ళలో విరివిగా వాడేది 406 కనుక మన ఊళ్ళలో దొరకడం సులభం. 451, 16 అంగుళాలలోని 349, మౌల్టన్ వాడిన 369 కొలతల టైర్లు మామూలు దుకాణాలలో అరుదు. పైగా కిలోమీటరు దూరానికి పెద్ద చక్రం 470 సార్లు తిరిగితే 20 అంగుళాల చక్రం దాదాపు 650 సార్లు తిరుగుతుంది. టైరు అంత త్వరగానూ అరుగుతుంది. మూలిక దొరకని ఊరిలో ఆ యోగం వ్రాసి ప్రయోజనమేమి?

అనుపానాలు

సామగ్రిలో మొదటిది సీటు. మడమను పెడలుపై ఉంచి క్రిందికి దించినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు స్వల్పంగా వంగి ఉంటుంది. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలిచిప్ప మీద భారం పడుతుంది. మరీ పైకి ఉంటే తుంటి ఊగి నడుము నొప్పి పుడుతుంది. చిన్న చక్రాల బండ్లకు సీటుకడ్డీ పొడవు. దానిమీద గుర్తించిన హద్దు గీత బయటకు కనిపించేలా ఎన్నడూ ఎత్తరాదు, కడ్డీ విరిగే ప్రమాదముంది. మెత్తదనం కోసం లావైన దిండు సీటు కొనడం పొరపాటు. కూర్చొనే ఎముకలు అందులో దిగబడి, వాటి నడుమ నున్న మృదుభాగంపై ఒత్తిడి హెచ్చుతుంది. అది మర్మస్థానం. అక్కడ తిమ్మిరి కలిగితే ఉపేక్షించరాదు.

విశ్రాంత ఉపాధ్యాయులొకరు రెండు చేతుల వ్రేళ్ళు మొద్దుబారుతున్నాయని వచ్చారు. ఇంతకంటే ఖరీదైన సైకిలు కొనాలా అని వారి ప్రశ్న. బండి తెప్పించి చూచాను. హ్యాండిలు క్రిందికి, దూరంగా ఉన్నది. దేహభారమంతా అరచేతుల మీద పడుతున్నది. హ్యాండిలును నాలుగంగుళాలు ఎత్తించి, సీటును కొంచెం ముందుకు జరిపించాము. మణికట్టుకు, మెడకు నువ్వులనూనె మర్దన చెప్పాను. నెల తిరగకుండా ఉపశమనం కలిగింది. వారికి కావలసింది క్రొత్త సైకిలు కాదు, సరైన అనుపానం.

రెండవది గంట, ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, ప్రక్కనుండి వచ్చే బండ్లను చూపే అద్దం, తలకు హెల్మెట్టు. ఇవి అలంకారాలు కావు, రక్షలు. మూడవది రెండు చక్రాలకూ మడ్‌గార్డులు. చిన్న చక్రం నేలకు దగ్గర కనుక వానాకాలపు బురద సరాసరి గొలుసుకు తగులుతుంది. నాలుగవది గాలిపంపు. చిన్న టైర్లలో గాలి తగ్గితే ఆ లోటు త్వరగా తెలుస్తుంది, వారానికొకసారి చూచుకోవాలి. ఐదవది సంచి. కూరగాయలు హ్యాండిలుకు వ్రేలాడదీయడం చిన్న చక్రాల బండికి ప్రమాదకరం, చురుకైన హ్యాండిలు ఒక ప్రక్కకు లాగుతుంది. బరువు క్యారియరుపైన గాని, ఫ్రేముకు బిగించిన బుట్టలో గాని ఉండాలి. వేగమాపకాలు, రంగురంగుల దీపాలు, మోచేతులు ఆనించే కొమ్ములు సామాన్య గృహస్థునకు అనవసరం.

అర్ధశక్తి

బండి కుదిరిన తరువాత తొక్కేవాని సంగతి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో వ్యాయామం వల్ల దేహానికి లాఘవం, పనిచేసే శక్తి, జఠరాగ్ని దీప్తి, మేదస్సు తరుగుదల కలుగుతాయన్నాడు. బలవంతులు కూడా చలికాలంలో, వసంతంలో సగం బలం మేరకే చేయాలని, మిగిలిన ఋతువులలో ఇంకా తగ్గించాలని నియమించాడు. శ్వాస నోటితో ఆడడం మొదలై, నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పోసి, నోరు ఎండుతుంటే సగం బలం ఖర్చయినట్లు గుర్తు. ఏ వేగమాపకమూ ఇంతకంటే బాగా చెప్పదు.

ఉదయం మలమూత్ర విసర్జనానంతరం నడుముకు, మోకాళ్ళకు, పాదాలకు గోరువెచ్చని నువ్వులనూనె పట్టించి, అరికాళ్ళ జిడ్డు తుడిచి బయలుదేరండి. మొదటి పక్షం పదిహేను నిమిషాలు చాలు. తిరిగి వచ్చాక చెమట ఆరనిచ్చి, సున్నిపిండితో గోరువెచ్చని స్నానం చేయండి. చెమట మీద ఫ్రిజ్జు నీళ్ళు త్రాగకండి. జీలకర్ర, అల్లం, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ దప్పిక తీరుస్తుంది. తొడలు ఒరుసుకున్న చోట కొబ్బరినూనె రాయండి.

అజీర్ణం, జ్వరం ఉన్నరోజు తొక్కరాదు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, కళ్ళు తిరగడం ఉన్నవారు వైద్యపరీక్ష చేయించుకొన్న పిమ్మటనే ప్రారంభించాలి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో పటికబెల్లం ఉంచుకోవాలి. సైకిలు కొన్నామని మందులు మానరాదు. తొక్కుతుండగా రొమ్ములో నొప్పి, బిగువు తోస్తే వెంటనే దిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023 అక్టోబరులో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. సంతోషమే. కాని కారులో సైకిలు వేసుకొని అంతదూరం వెళ్ళి తొక్కి రావడం కంటే, పాలకూ కూరలకూ వీధి చివరకు ప్రతిదినం తొక్కడమే గృహస్థునకు నిలిచే వ్యాయామం. చిన్న చక్రాల బండి నిజమైన ప్రయోజనం అక్కడే ఉన్నది. అద్దెకో, అరువుకో తెచ్చి పదిరోజులు మీ వీధిలో తొక్కి చూడండి. పదకొండవ రోజు కూడా ఎక్కాలనిపిస్తే కొనండి. బాల్కనీలో తుప్పుపట్టే సైకిలు, అటకమీద పురుగుపట్టే లేహ్యం, రెండూ ఎవరి రోగాన్నీ నయం చేయలేవు.