ముందు స్థాయి, తర్వాత పందెమా?

సైకిల్ పందేల లోకంలో పెద్దమనిషి సలహాగా చలామణీ అయ్యే మాట ఒకటుంది: "ప్రొఫెషనల్స్‌తో నీకెందుకు? ముందు ఆ స్థాయికి ఎదుగు, తర్వాత చూద్దాం." తెల్లవారుజామున తొక్కి, ఆఫీసు టైముకి ఇల్లు చేరే ఉద్యోగి ఎవరైనా పెద్ద పందానికి పేరిస్తానంటే కోచ్ దగ్గర్నుంచి బావమరిది దాకా అందరూ ఇదే చెబుతారు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. గుంపులో పడి దెబ్బలు తగిలించుకుంటాడని వాళ్ల భయం. పరువు పోతుందని జాలి. అర్హుల చోటు ఇతను లాక్కుంటాడని ఒక న్యాయచింత. వినడానికి మూడూ సబబుగానే ఉంటాయి. నా లెక్కలో రెండు పూర్తిగా తప్పు, ఒకటి సగం తప్పు.

టోక్యో ఒలింపిక్స్‌తో మొదలుపెడతాను. 2021 జులై 25న మహిళల రోడ్ రేసు జరిగింది. ముసాషినోనోమోరి పార్కు నుంచి ఫుజి స్పీడ్‌వే దాకా 137 కిలోమీటర్లు. నెదర్లాండ్స్ నలుగురిని దింపింది. అందులో మరియానె వోస్ 2012 ఒలింపిక్ విజేత, అన్నా వాన్ డెర్ బ్రెగ్గెన్ 2016 విజేత. అన్నెమీక్ వాన్ వ్లూటెన్, డెమి వోలరింగ్ వాళ్లకేమీ తీసిపోరు. ఆస్ట్రియా తరఫున ఒకే ఒక్కతె, అన్నా కీజెన్‌హోఫర్. గణితంలో డాక్టరేట్ చేసి స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో పరిశోధన చేస్తున్న మనిషి. ఆ ఏడాది ఆమెకు ఏ ప్రొఫెషనల్ జట్టుతోనూ ఒప్పందం లేదు. శిక్షణ, తిండి, పందెం వ్యూహం అన్నీ తనే లెక్కలు కట్టుకునేది.

జెండా ఊపగానే ఆమె ముందుకు దూకింది. ఇంకో నలుగురు కలిశారు. వెనక ఉన్న మహామహులు వాళ్లను పోనిచ్చారు. పోతే పోనీ, అలసిపోయి వాళ్లే చేతికి చిక్కుతారని. అందరూ చిక్కారు, ఒక్కరు తప్ప. గమ్యానికి ఇంకా 41 కిలోమీటర్లుండగా కీజెన్‌హోఫర్ తోటివాళ్లను కూడా వదిలేసి ఒంటరిగా వెళ్లిపోయింది. ఒలింపిక్ రోడ్ రేసులో రైడర్ల చెవుల్లో రేడియోలుండవు. మిగతా వాళ్లను పట్టుకోగానే ముందు ఇంకెవరూ లేరనుకున్నారు. వాన్ వ్లూటెన్ గీత దాటి, స్వర్ణం గెలిచానన్న సంతోషంతో చేతులు పైకెత్తింది. కీజెన్‌హోఫర్ ఆ గీత దాటి అప్పటికి నిమిషం పదిహేను సెకన్లయింది. 1896లో అడాల్ఫ్ ష్మాల్ తర్వాత సైక్లింగ్‌లో ఆస్ట్రియాకు దక్కిన తొలి ఒలింపిక్ స్వర్ణం ఇది.

"అది అదృష్టం, డచ్ వాళ్లు ఆదమరిచారు" అంటారు. ఎందుకు ఆదమరిచారన్నదే అసలు ప్రశ్న. ముందున్నది వోస్ అయితే అంత దూరం పోనిస్తారా? ముందున్న ఐదుగురిలో తమను భయపెట్టే పేరు లేదనుకున్నారు కాబట్టి పోనిచ్చారు. అంటే, స్థాయి పేరును బట్టి తెలిసిపోతుందన్న నమ్మకమే ఆ రోజు వాళ్ల స్వర్ణాన్ని పోగొట్టింది. మనకు సలహాగా ఇస్తున్నది కూడా ఆ నమ్మకమే.

ఇక్కడే ఇంకో అతిశయోక్తినీ పక్కన పెట్టాలి. ఆమె ఆదివారం సరదాకి తొక్కే మనిషేమీ కాదు. 2017లో కొంతకాలం ఒక ప్రొఫెషనల్ జట్టులో ఉంది. ఆస్ట్రియా టైమ్ ట్రయల్ ఛాంపియన్. ఎవరు పడితే వాళ్లు వెళ్లి ఒలింపిక్ స్వర్ణం తెచ్చేయొచ్చని నేను అనడం లేదు. జీతం లేనంత మాత్రాన, జట్టు చొక్కా లేనంత మాత్రాన బలం లేనట్టు కాదు. ఆ బలం ఎంతో ముందే కొలిచి చెప్పగల తూకం ఎవరి దగ్గరా లేదు. నా వాదన అంతవరకే.

వంద మీటర్ల పరుగులో అయితే ఈ వాదన నిలవదు. ఎవరి దారిలో వాళ్లు పరుగెత్తుతారు, వేగం ఉన్నవాడు గెలుస్తాడు. రోడ్డు మీద సైకిల్ పందెం అలా కాదు. ఇక్కడ పెద్ద శత్రువు గాలి. గుంపు నడుమ దాక్కున్న రైడర్‌కు తగిలే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడితో పోలిస్తే పదో వంతుకు పడిపోతుందని 2018లో బెల్జియం పరిశోధకుడు బెర్ట్ బ్లాకెన్ బృందం లెక్కగట్టింది. ముందుండి గాలిని చీల్చేవాడు కాళ్లు అరగదీసుకుంటాడు, వెనక చక్రం పట్టుకున్నవాడు బలం దాచుకుంటాడు. పారిపోయినవాణ్ని ఎవరు తరమాలన్నది మళ్లీ వేరే బేరం. నువ్వు తరుము, నేను నీ వెనకాలే వస్తానంటే నువ్వెందుకు తరుముతావు? ఇన్ని మెలికలున్న ఆట కాబట్టే తక్కువ బలమున్నవాడు ఎక్కువ బలమున్నవాణ్ని ఓడించడం ఇందులో వింత కాదు. ఎత్తైన ఘాట్ రోడ్డు వస్తే మాత్రం ఈ దయ ఉండదు. అక్కడ గాలి సాయం తగ్గి, కాళ్లే మాట్లాడతాయి. అమెచ్యూర్లలో చాలామంది అక్కడే వెనకబడతారు. పడనివ్వండి. దానికి నిబంధన ఎప్పట్నుంచో ఉంది. టూర్ డి ఫ్రాన్స్ లాంటి పందేల్లో విజేత సమయం మీద ఫలానా శాతం దాటితే ఇంటికి పంపేస్తారు. ఎవరిని ఆపాలో తేల్చే పనిని గడియారానికి వదలకుండా, పేరివ్వక ముందే మనం తీర్పు చెప్పడం దేనికి?

"ఎదిగి రా" అనే సలహాలో పెద్ద బొక్క ఇంకోటుంది. ఎక్కడ ఎదగాలి? ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టుంది వ్యవహారం. 1983లో టూర్ డి ఫ్రాన్స్ తలుపులు అమెచ్యూర్లకు తెరిచారు. కొలంబియా నుంచి ఒక అమెచ్యూర్ జట్టు వచ్చింది. కొండలెక్కడంలో వాళ్లకు తిరుగులేదు గానీ, ఐరోపా గుంపు వేగం, రూబే దారిలోని రాళ్ల బాటలు వాళ్లను నలిపేశాయి. ఇప్పటి మన సలహాదారులు అప్పుడుంటే "చెప్పలేదా?" అనేవారు. మరుసటి ఏడాది, 1984లో, ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద ముగిసే దశలో లూయిస్ ఎర్రేరా అనే కొలంబియా కుర్రాడు లోరాన్ ఫిన్యోను, బెర్నార్డ్ ఇనోను వెనక్కి నెట్టి గెలిచాడు. ఫిన్యో ఆ ఏడాది టూర్ విజేత. ఇనో అప్పటికే నాలుగుసార్లు గెలిచినవాడు. ఎర్రేరా అప్పటికింకా అమెచ్యూరే. తోటపని చేసిన పిల్లవాడని స్వదేశంలో అతన్ని ముద్దుగా "చిన్న తోటమాలి" అనేవారు. 1987లో అతనే స్పెయిన్ టూర్ మొత్తం గెలిచాడు. 1983లో నలిగిపోయిన అనుభవం లేకపోతే 1984 వచ్చేదా? ఐరోపా గుంపులో ఎలా నెగ్గుకు రావాలో కొలంబియా కొండల్లో కూర్చుని నేర్చుకోవడం కుదరదు.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది, ఆట వేరు. 1926లో, భారత్ ఇంకా ఒక్క టెస్టూ ఆడని కాలంలో, ఇంగ్లండ్ నుంచి ఎమ్‌సీసీ జట్టు వచ్చింది. నాగపూర్‌లో పుట్టిన మన తెలుగువాడు సి.కె. నాయుడు బొంబాయిలో వాళ్ల మీద 153 పరుగులు కొట్టాడు, అందులో పదకొండు సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. ముందు స్థాయి తెచ్చుకుని రమ్మని ఆ జట్టు రాకుండా ఉండి ఉంటే ఆ స్థాయి బయటపడేదెలా?

ఇక చోటు లాక్కోవడం గురించి. అమెచ్యూర్లకూ ప్రొఫెషనల్స్‌కూ మధ్య గోడ కట్టిన చరిత్ర చదివితే నవ్వొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో డబ్బున్న దొరలు ఆ గోడ కట్టారు, చేతిపని చేసుకు బతికేవాళ్లు తమతో పోటీ పడకుండా. క్రికెట్‌లో దొరల జట్టు, కూలి ఆటగాళ్ల జట్టు అని వేరు చేసి 1962 దాకా మ్యాచ్‌లాడారు. ఒలింపిక్ సైక్లింగ్‌లోకి 1996 అట్లాంటా దాకా ప్రొఫెషనల్స్‌ను రానివ్వలేదు. ఇప్పుడు గోడ తిరగబడింది, అంతే. ఆనాడు జీతం తీసుకునేవాడు బయట, ఈనాడు జీతం లేనివాడు బయట. సైకిల్ పందెం పుట్టుక మాత్రం అలాంటిది కాదు. 1903లో తొలి టూర్ డి ఫ్రాన్స్‌కు పేర్లు చాలక ప్రవేశ రుసుము 20 ఫ్రాంకుల నుంచి 10కి తగ్గించారు, రోజుభత్యం కూడా ఇస్తామన్నారు. అలా పోగైన 60 మంది బయల్దేరితే 21 మంది చివరిదాకా వచ్చారు. మధ్యలో ఆగిపోయిన 39 మంది అవమానపడి చచ్చిపోలేదు. వాళ్లు బయల్దేరారు కాబట్టే ఆ పందెం పందెమైంది.

ప్రమాదం మాటలో సగం నిజముందని ముందే ఒప్పుకున్నాను. చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు కూడా ఉండదు. ఒకడు భయపడి బ్రేకు నొక్కితే వెనక పదిమంది రోడ్డు మీద పడతారు. గుంపులో తొక్కడం రానివాణ్ని ఆపాలి, నిస్సంకోచంగా ఆపాలి. కానీ ఆపాల్సింది అదుపు లేనివాణ్ని, వేగం లేనివాణ్ని కాదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. జిమ్ములో కండలు పెంచి, ఇంట్లో ట్రైనర్ మీద వాట్లు దంచే మనిషి మలుపులో పదిమందిని పడగొట్టగలడు. నెమ్మదిగా తొక్కే పాత కాపు గుంపు చివర చక్కగా వస్తూ ఎవరికీ అడ్డు రాడు. పైగా ఆ జీతగాళ్లేమీ మచ్చ లేనివాళ్లు కాదు. 2020 ఆగస్టులో పోలండ్ టూర్ తొలి దశ చివర్లో, ఇద్దరు అగ్రశ్రేణి స్ప్రింటర్ల పోటీలోనే ఫాబియో యాకబ్‌సెన్ బారికేడ్లలోకి వెళ్లి ప్రాణాపాయ స్థితికి చేరాడు. అడ్డంగా జరిగిన డిలన్ గ్రోనెవెగెన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. అక్కడ అమెచ్యూర్ ఎవరూ లేరు.

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలో వెలోడ్రోమ్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు. తొక్కేవాళ్లకు కొదవ లేదు. జాతీయ పోటీల్లో మాత్రం రైల్వేస్, సర్వీసెస్ జట్ల రైడర్లు కనిపిస్తారు. తొక్కడమే వాళ్ల ఉద్యోగం. ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికో, టీచరుకో ఎదురయ్యే ప్రొఫెషనల్ అంటే వాళ్లే. వాళ్ల పేరు వినగానే మనవాళ్లు వెనక్కి తగ్గి, టైముకు ముగిస్తే చాలనే దూరప్రయాణాలకు, అంటే బ్రెవెట్లకు మళ్లుతారు. బ్రెవెట్ గొప్పదే, 600 కిలోమీటర్లు తొక్కడం మాటలు కాదు. అయితే పక్కవాడి చక్రం పట్టుకోవడం, ఎదురుగాలిలో మోసపోవడం, మోసం చేయడం అందులో నేర్చుకోలేరు.

పందేలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. పాత టైమింగులు, పతకాల జాబితా అడగడం మానండి. పందానికి ముందు వారం ఒక మైదానంలో ఇరవై మందిని గుంపుగా తొక్కించి చూడండి. చక్రం అదుపులో ఉన్నవాళ్లందరికీ నంబరు ఇవ్వండి, వెనకబడినవాళ్లను గడువు నిబంధనతో ఆపేయండి. రైడర్లూ, ఆ పరీక్ష నెగ్గగలమనుకుంటే ఈసారి రాష్ట్ర ఎంపికలకు పేరివ్వండి, పక్కన రైల్వేస్ రైడర్ ఉన్నా సరే.