చింతగింజల సేనలు

గడచిన వానాకాలంలో ఒక సాయంత్రం మా వసతిగృహపు వరండాలో ఇద్దరు విద్యార్థులు సుద్దతో నేలమీద గీతలు గీసుకొని కూర్చున్నారు. ఒకరిది భద్రాచలం అవతలి కోయగూడెం, మరొకరిది ఖమ్మం పట్టణం. ఒకరి చేత మూడు గులకరాళ్ళు, మరొకరి చేత పదిహేను చింతగింజలు. రాళ్ళు పులులు, గింజలు మేకలు. మన పెద్దలు పులి-మేక అనీ, పులిజూదమనీ పిలిచిన ఆట అది. దానికి వీరు తమ కల్పన కొంత జోడించారు. నడిమి గీత గోదావరియట; దానిని దాటిన పులి ఒక ఎత్తు ఆగవలెనట. బంకమట్టితో చేసిన ఒక మేకకు మంత్రశక్తి కలదట. అది ఒక్కసారి చచ్చి మరల లేచునట.

అటుగా వచ్చిన పెద్దలొకరు "కళాశాలలో జూదమా?" అని గింజలను కాలితో చెదరగొట్టి వెళ్ళారు. పిల్లలు మారుమాటాడలేదు. మేమూ ఆనాడు మౌనం వహించాము. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగానే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పేరులో జూదమున్నంత మాత్రాన ఆట జూదం కాదు. ఇందులో పాచికలు లేవు, పందెం లేదు. షత్రంజ్ విషయంలో మన ధర్మవేత్తలలో అభిప్రాయభేదాలున్న మాట నిజమే. పందెం తగదనుటలో మాత్రం భేదం లేదు. కనుక నిషేధించవలసినది పందెమును, గింజలను కాదు.

బొమ్మసేనలతో పోరాడటం మానవునికి కొత్త కాదు. రథ గజ తురగ పదాతులనే నాలుగు సేనాంగాల పేర వెలసిన చతురంగం పారశీకానికి పోయి చత్రంగ్ అయినది, అరబ్బుల నోట షత్రంజ్ అయి ఉర్దూలో నిలిచినది, తెలుగులో చదరంగమైనది. మన బంటునే ఉర్దూవారు ప్యాదా అంటారు. మన మంత్రిని వజీర్ అంటారు. 1824లో ప్రష్యా సేనానులు రైస్విట్జ్ అనే అధికారి రూపొందించిన యుద్ధక్రీడను సైనికశిక్షణకు స్వీకరించారు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మసైనికుల ఆటకు నియమాలు కూర్చి 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వెలువరించాడు. నిజమైన యుద్ధం కంటె ఈ చిన్న యుద్ధమే మేలని అందులో వాదించాడు. మరుసటి ఏడే ప్రపంచయుద్ధం వచ్చినది. 1983లో ఇంగ్లాండులో వెలువడిన 'వార్‌హామర్' రాక్షసులను, మంత్రగాళ్ళను బల్లమీది సేనలలో చేర్చినది. ఆ బొమ్మలు ఖరీదైనవి. మన పిల్లలకు చింతగింజలు చాలు, బంకమట్టి చాలు. ఏనుగు అంబారీలను చెక్కే కొండపల్లి కూడా మనకు దూరం కాదు.

అడవి అంచున తుపాకుల మోత విన్న ప్రాంతంలో పిల్లలకు యుద్ధం ఆటగా నేర్పుట తగునా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో నేలకొరిగినవారి ఇళ్ళు ఈ జిల్లాలోనూ ఉన్నవి. కాని నిజమైన యుద్ధంలో పోయినవాడు తిరిగిరాడు. సుద్దగీతలమీద చచ్చిన మేక ఆట ముగియగానే మరల గుప్పిట చేరుతుంది. ఈ భేదం ఆడినవానికే బాగా తెలుస్తుంది.

పులి-మేక నియమాలను గమనించండి. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేక దేనినీ చంపలేదు. పదిహేనవ మేక దిగేవరకు ముందు దిగిన మేక కదలరాదు. అయినను మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి పులులకు అడుగు వేసే చోటు లేకుండ చేసి గెలువగలవు. బలహీనులకు కూడిక ఎంత అవసరమో ఇంతకంటె తేలికగా చెప్పే పాఠం మా తెలుగు వాచకాలలో మాకు కనిపించలేదు. తరువాతి ఆటలో పక్షాలు మారుతాయి; పులిని ఆడినవాడు మేకను ఆడుతాడు. ఎదుటివాని బాధ అప్పుడు అర్థమవుతుంది.

అంతకుమించినది ఓడుట నేర్చుకొనడం. మన విద్యార్థులలో అనేకులు తమ ఇంట కళాశాల మెట్టెక్కిన మొదటివారు. ఒక పరీక్ష తప్పితే బ్రతుకే తప్పినట్లు కుమిలిపోతున్నారు. ఓడినా లేచి గింజలు ఏరుకొని "మరొక ఆట" అనుట వారికి ఎవరు నేర్పినారు? తరగతిలో మేము నేర్పలేకపోయాము. ఆ వరండాలో వారు తమంతట తామే నేర్చుకొంటున్నారు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు రెండు. సాయంత్రం తరగతుల అనంతరం ఒక గంటసేపు ఒక గదిని ఈ ఆటలకు విడువండి. దానికి పోటీ పెట్టకండి, కప్పు ఇవ్వకండి. క్రీడాదినాన పోటీలకు కొదువ లేదు. ప్రతి పనికీ మార్కులు వేసే మన విద్యాలయంలో మార్కులు లేని గంట ఒకటి ఉండనివ్వండి.

విద్యార్థులారా! గది దొరికినా దొరకకపోయినా గింజలు దాచుకొనండి. ఈసారి ఎవరైనా చెదరగొట్టవచ్చినచో మేము మౌనంగా ఉండము.