నేరం వంకాయది కాదు

“డాక్టరు గారూ, వంకాయ తినవచ్చునా?”

ఆసుపత్రిలో రోగులు నన్ను అడిగే ప్రశ్నలలో ఇంతకంటె పాతది లేదు. రక్తపోటు ఉన్నవారూ అడుగుతారు, చక్కెర వ్యాధి ఉన్నవారూ అడుగుతారు, ఆపరేషను కుట్లు మానని వారూ అడుగుతారు. ఈమధ్య ఒక పెద్దావిడ ఇదే ప్రశ్నను కొత్తగా అడిగారు. ఆవిడకు రక్తపోటు, చక్కెర రెండూ ఉన్నాయి. అమెరికాలో కూతురి వద్ద ఆరు నెలలుండి వచ్చారు. “మా అమ్మాయి వంకాయతో ఇటలీ వంట చేస్తుందండీ, పార్మిజానా అంటారట. వారానికి రెండుసార్లు తిన్నాను. ఇటలీ భోజనం గుండెకు మంచిదంటారు గదా, మరి నాలుగు కిలోలు బరువెందుకు పెరిగాను?” అన్నారు. తప్పు వంకాయదేనని తీర్మానించుకుని, తిరిగి వచ్చాక వంకాయను పూర్తిగా మానేశారట. కూర లేని రోజున ఆవకాయతో సరిపెట్టుకుంటున్నారట. ఆ రోజు ఆవిడ రక్తపోటు చూస్తే బాగా హెచ్చుగా ఉంది. మానవలసినది ఒకటి, ఆవిడ మానినది మరొకటి!

వంకాయ పుట్టిల్లు మన ప్రాంతమే. అరబ్బుల ద్వారా అది మధ్యధరా తీరానికి చేరింది. ఇటలీవారు మొదట దానిని అనుమానంగానే చూశారు. “మెలన్‌జానా” అన్న పేరుకు “పిచ్చి పండు” అని అర్థం చెప్పుకున్నారు. ఫ్లారెన్సు బజారులో నలభై ఏళ్ళ క్రితం వంకాయ కనబడటమే అరుదని 1891లో ప్రసిద్ధ పాకశాస్త్ర గ్రంథకర్త ఆర్టూసీ వ్రాశాడు. దక్షిణాదిన మాత్రం అది వంటింటి రాణి అయింది. పార్మిజానా మాదంటే మాదని నేపుల్సు వారు, సిసిలీ వారు నేటికీ వాదించుకుంటారు.

ఇక గుండె సంగతి. 1950లలో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నేపుల్సులోని శ్రమజీవులలో గుండెజబ్బు తక్కువగా ఉండటం గమనించాడు. 1958లో ఏడు దేశాలలో పెద్ద పరిశీలన ఆరంభించాడు. ఆ శ్రమజీవులు తిన్నవి కూరగాయలు, చిక్కుడు జాతి గింజలు, రొట్టె, ఆలివ్ నూనె. మాంసం, జున్ను వారికి అరుదు. పైగా రోజంతా ఒళ్ళు వంచి పనిచేసేవారు. మనం వారి శ్రమను వదిలి, జున్నును మాత్రం పట్టుకుంటే ఫలితం ఎలా వస్తుంది?

వంకాయ 100 గ్రాములకు సుమారు 25 కేలరీలే. కాని దాని కండ స్పాంజి వంటిది, నిండా గాలి గదులే. మూకుడులో వేయగానే నూనె పీల్చుకుంటుంది. ఒక పెద్ద చెంచాడు నూనె అంటే సుమారు 120 కేలరీలు! ఆలివ్ నూనె అయినా లెక్క ఇదే. అమెరికాలో ముక్కలకు బ్రెడ్ పొడి పట్టించి వేయించి, పైన దండిగా చీజ్ వేయటం వాడుక. ఆవిడ నాలుగు కిలోలు అక్కడివి.

అలాగని ఈ వంట మానవలసిన పని లేదు. నలుగురికి సరిపడే పద్ధతి ఇది.

కాల్చి పచ్చడి చేసుకునే పెద్ద వంకాయలు రెండు తీసుకుని, అర అంగుళం మందాన చక్రాలుగా కోయండి. ఒక చిన్న చెంచాడు ఉప్పు చల్లి అరగంట ఉంచండి. నీరు ఊరి, గాలి గదులు అణుగుతాయి. అందువల్ల నూనె తక్కువ పీలుస్తుంది. ఆ ఉప్పు పోయేలా బాగా కడిగి, గుడ్డలో అద్ది ఆరబెట్టండి. పెనం మీద రెండు వైపులా నూనె రాసి, మెత్తబడి ఎర్రబడేవరకు కాల్చండి. మొత్తం వంటకు మూడు పెద్ద చెంచాల నూనె మించవద్దు.

కిలో పండు టమోటాలు, మూడు వెల్లుల్లి రేకలు చిక్కబడేవరకు ఉడికించండి. ఇందుకు బదులు సీసాలోని కెచప్ వాడవద్దు. అందులో చక్కెర, ఉప్పు రెండూ ఉంటాయి. వాసనకు ఇటలీవారు వేసే బాసిల్ ఆకు మనకు సబ్జా గింజలనిచ్చే మొక్కదే. గిన్నెలో టమోటా, వంకాయ, ఆకు, పలుచగా కోసిన మొజరెల్లా లేక ఇంట్లో విరగగొట్టిన పన్నీరు (150 గ్రాములు చాలు) వరుసలుగా పేర్చండి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీలలో అరగంట. లేకుంటే మందపు గిన్నెలో మూతపెట్టి సన్నని సెగమీద అంతసేపే. దించి పావుగంట ఆగితేనే ముక్క విరగకుండా వస్తుంది. గోరువెచ్చగా తినటమే అక్కడి రుచి.

పైన చల్లే పార్మెజాన్ చీజ్ విషయంలో మూడు హెచ్చరికలు. ఒకటి, అందులో ఉప్పు ఎక్కువ. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక చీజ్ వేస్తే టమోటాలో ఉప్పు వేయకండి. రెండు, అసలైన ఇటలీ పార్మెజాన్‌ను దూడ పొట్టనుండి తీసిన పదార్థంతో తోడుపెడతారు. శాకాహారులు ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోవాలి. మూడు, క్షయకు ఐసోనియాజిడ్ మాత్రలు వాడేవారిలో కొందరికి ఇటువంటి నిలవ చీజ్ వల్ల గుండెదడ, తలనొప్పి, ముఖం ఎర్రబడటం కలుగుతాయి. వారు చీజ్‌ను మానాలి గాని మాత్రను మానరాదు.

మూత్రపిండాల వ్యాధి ముదిరిన వారికి టమోటాలోని పొటాషియం చెరుపు చేయవచ్చు. మీ డాక్టరును అడిగి తినండి. వంకాయ తింటే నోరు దురదపెట్టి దద్దుర్లు వచ్చేవారు దానిని మానటమే మేలు. కుట్లు చీము పడతాయని మాత్రం భయపడనక్కరలేదు. చక్కెర ఉన్నవారు దీనితో అన్నం కాక, ఒకటి రెండు పుల్కాలతో ముగించండి.

ఆ పెద్దావిడతో నేను చెప్పిందీ ఇదే: “అమ్మా, వంకాయను మళ్ళీ ఇంటికి పిలవండి. నూనె గిన్నెను, ఆవకాయ జాడీని కాస్త దూరంగా పెట్టండి.”