ముందు కహానీ, తర్వాత ఏబీసీడీ

ఇవాళ కొంచెం కడుపుమంటతో రాస్తున్నా, ముఆఫ్ చేయండి.

గాజువాకలో ఒక దోస్త్ ఇంటికి దావత్‌కి వెళ్లా. ఐదేళ్ల పాపను మెహమాన్ల ముందు నిలబెట్టారు. ఇంగ్లీషు పాఠం గడగడా చదివేసింది. అందరూ మాషాఅల్లాహ్ అన్నారు, నేనూ అన్నా. తర్వాత పక్కన కూచోబెట్టుకుని, మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి "యే క్యా హై బేటా?" అని అడిగా. మళ్లీ మొదటి లైను నుంచి అందుకుంది. ఆ ఒక్క మాట చదవలేకపోయింది.

పాపనేమీ అనను. మా పెద్దోడి విషయంలో నేనూ ఇలాగే మోసపోయా. రెండో తరగతి దాకా వాడికి చదవడం రాదని తెలియలేదు. కంఠస్థం అంత బాగుండేది మరి!

"ఉర్దూ, తెలుగు చదివితే నౌకరీ వస్తుందా?" అంటారు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, ఆ సవాల్ నాకు కొత్త కాదు. ఇంగ్లీషు మీద నాకు దుష్మనీ లేదు. 2019లో జీవో 81 వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, మనం మీడియం గురించే కొట్లాడుకున్నాం. ఇంట్లో ఏం చదువుతున్నారని ఎవరూ అడగలేదు. 2024 అసర్ సర్వే చూడండి: దేశంలో పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతమే. పట్నంలో ఉన్నామని మనం నవ్వాల్సిన పని లేదు.

అక్షరాలు కలిపి మాట చేయడం, మాటలోంచి మానే పట్టుకోవడం, ఈ హునర్ ఇంట్లో మాట్లాడే జబాన్‌లోనే త్వరగా అబ్బుతుంది. మాటే తెలియని పిల్లాడు దాన్ని సరిగ్గా చదివాడో లేదో ఎలా పోల్చుకుంటాడు? పైగా ఇంగ్లీషులో "పుట్"కీ "బట్"కీ మధ్య ఒకే అక్షరం రెండు రకాలుగా పలుకుతుంది. తెలుగులో ఆ గొడవ చాలా తక్కువ.

ఉర్దూకైతే సగం దారి మనం నడిచే ఉన్నాం. నూరానీ కాయిదా కోసం రోజూ ఉస్తాద్ దగ్గరికి పంపుతాం కదా. ఆ హర్ఫులకి పే, టే, చే, డాల్, గాఫ్ లాంటివి కొన్ని కలిపితే చాలు. జేర్, జబర్ లేకుండా చదవడం మాత్రం కష్టమే, దానికే కహానీ కావాలి. కథ తెలిసిన పిల్లాడు ముందొచ్చే మాటను ఊహిస్తాడు. కాయిదాకి అంత సబర్ చూపే మనకి, కహానీకి పది నిమిషాలు దొరకవా?

నైట్ షిఫ్ట్ చేసొచ్చే అబ్బాలకి టైమ్ ఉండదంటారు. ఒప్పుకుంటా. కానీ ఫోన్ చూసే టైమ్ ఉంటుంది! అదే ఫోన్‌లో స్టోరీవీవర్ తెరవండి, తెలుగులో, ఉర్దూలో బొమ్మల కథలు ముఫ్త్‌గా ఉన్నాయి. అమ్మీకి చదవడం రాదా? బొమ్మ చూపించి చెప్పమనండి, "ఫిర్ క్యా హువా?" అని అడగమనండి. చదివేవాళ్లు లైను కింద వేలు కదపండి. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి అని పిల్లలు కళ్లతోనే నేర్చుకుంటారు.

కితాబులు లేకపోతే బోర్డులున్నాయి. "గాజువాక"లో నాలుగే అక్షరాలు, ఒక్క ఒత్తు లేదు. మా చిన్నోడు దాంతోనే మొదలెట్టాడు. నిన్న కూర్మన్నపాలెం బస్సు వచ్చింది. "కూ" అన్నాడు. "ర" కింద "మ" ఒత్తు దగ్గర చిక్కుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు కోసం అక్కడే నిలబడ్డాం.