మనం – మేము

తెలుగు చెప్పడానికి తెలుగు వస్తే చాలునని నమ్మినవాళ్ళలో నేనొకణ్ణి. ఇరవై యేళ్ళ కిందట ఎమ్మే పట్టా చేతబట్టుకుని పండిత శిక్షణకు వెళ్ళినప్పుడు నా ధీమా అంతా అదే. ప్రబంధాలు చదివినవాణ్ణి, ఏడో తరగతి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పలేనా? ఆ ధీమాను ఒక కుర్రవాడు ఒక్క మాటతో దించేశాడు.

టీచింగ్ ప్రాక్టీసుకని నన్ను బెజవాడలో ఒక హైస్కూలుకు పంపారు. చేతిలో పాఠ్యపథకం, జేబులో రంగు సుద్దముక్కలు, వెనక బెంచీలో నా తప్పులు రాసుకోవడానికి మా శిక్షణ మాస్టారు. ఆ తరగతిలో ఒక రైల్వే ఉద్యోగి కొడుకు వుండేవాడు. కాన్పూరు నుంచి తండ్రికి బదిలీ అయితే వచ్చారు, వచ్చి రెండేళ్ళయింది. ఒకనాడు వాడు సెలవడగడానికి లేచి, "సార్, రేపు మనం వూరికి వెళ్తున్నాం" అన్నాడు.

"అలాగా! మరి నాకు టిక్కెట్టు కొన్నావా?" అన్నాను.

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. చమత్కారం పండిందని లోలోపల మురిసిపోయాను కూడా. కుర్రవాడు కూర్చున్నాడు. వూరు వెళ్ళి వచ్చాక కూడా హాజరు పలకడానికి తప్ప నోరు విప్పలేదు.

వారం గడిచాక మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "పాఠాలు బాగానే చెబుతున్నావు గాని, 'మనం'కీ 'మేము'కీ తేడా ఏమిటోయ్?"

"అక్కడ మనం అనకూడదు గదండీ! మేము అనాలి."

"ఎందుకనాలి?"

"అదీ... అంతేనండీ. వినగానే తెలిసిపోతుంది."

"నీకు తెలుస్తుంది. మరి వాడికి?"

నా దగ్గర జవాబు లేదు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే 'మనం', విడిచిపెడితే 'మేము' అని మాస్టారు చెప్పవలసి వచ్చింది. మాటలు వచ్చిన నాటి నుంచీ రోజుకు నూరుసార్లు తప్పకుండా వాడుతున్న మాటలకు సూత్రం నాకు తెలియదు! తమిళుడికైతే ఈ చిక్కు లేదు; వాళ్ళకూ 'నాం', 'నాంగళ్' అని రెండున్నాయి. కన్నడిగుడు 'నావు' ఒక్కదానితో సరిపెట్టుకుంటాడు. హిందీవాడికి 'హమ్' ఒక్కటే. ఇంట్లో ఒక మాటతో నడిచిపోయేవాడికి బడిలో రెండు చూపించి ఏరుకోమన్నాం. వాడు ఒకటి ఏరుకున్నాడు. అందులో నవ్వవలసిందేమున్నది?

చెప్పేవాడికీ నేర్చేవాడికీ తేడా ఇక్కడే వుందని నాకు అప్పుడు తోచింది. భాషలో పుట్టి పెరిగినవాడు ఇంటివాడు. చీకట్లోనైనా గడప ఎక్కడుందో వాడి కాళ్ళకు తెలుసు. నేర్చేవాడు కొత్త చుట్టం. ప్రతి గడపా తగులుతుంది. "చూసుకు నడవరాదూ?" అంటాడు ఇంటివాడు. దీపం తెచ్చి పెడదామని మాత్రం తోచదు, ఎందుకంటే తనకు దాని అవసరం లేదు!

"రేపటి నుంచి వాడి దగ్గర కూర్చుని రోజుకు పది హిందీ వాక్యాలు నేర్చుకో" అన్నారు మాస్టారు. బడిలో హిందీ ప్యాసయిన వాణ్ణే కదా అని వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాల వేళ, వేపచెట్టు కింద మా పాఠం. రోటీ స్త్రీలింగమని గుర్తుంది. రోటీ ఠండీ అయితే పానీ కూడా ఠండీయే కావాలి గదా! "పానీ ఠండీ హై" అన్నాను ధైర్యంగా.

వాడు నవ్వలేదు. "ఠండా, సార్" అన్నాడు మెల్లిగా.

"ఎందుకూ?"

కాసేపు ఆలోచించి, "అంతే, సార్" అన్నాడు.

సరిగ్గా నా జవాబే! కాకపోతే వాడు నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యలేదు. నా తప్పు వెనక ఒక లెక్క వున్నట్టే, వాడి తప్పు వెనకా ఒక లెక్క వుందని నాకు తెలిసింది ఆ చెట్టు కిందనే.

ఈ సంగతి చెబితే మాస్టారు గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకున్నారు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి తెలుగు నేర్చుకోబోయాడు. పుస్తకంలో 'వచ్చితిని', బజారులో 'వచ్చాను'! ఈ రెండు తెలుగులేమిటని అడిగాడు. మనవాళ్ళకు అలవాటైపోయి కనిపించని గోడ కొత్తవాడి నుదుటికి తగిలిందన్నమాట. ఆ ప్రశ్నను నవ్వి వదిలెయ్యకుండా పట్టించుకున్నవారిలో గిడుగువారు ఒకరు. వ్యావహారిక భాషోద్యమానికి అదీ ఒక ప్రేరణ. ఆయన అంతకు ముందే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుంటూ, సవరల దగ్గర శిష్యుడై వాళ్ళ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన ఆ వయసులో శిష్యుడు కాగలిగాడన్న సంగతి ఆ సభల్లో ఎవరైనా చెబితే బాగుండును.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాగితాలు దిద్దేటప్పుడు ఎర్రసిరా గీత పెట్టబోయే ముందు, 'వీడు ఇలా ఎందుకు రాసి వుంటాడు?' అని ఒక్క క్షణం ఆగడం అలవాటైంది. గీత తప్పదు; అయితే గీత పక్కన ఒక మాట రాయాలనిపిస్తుంది. ఇంట్లో పిల్లలకు అక్షరాలు దిద్దించే తల్లిదండ్రులకు కూడా నేను చెప్పగలిగింది అంతే. "ఇంత తేలికది రాదేం?" అనే ముందు, మనకది తేలిక కాని రోజు ఒకటి వుండేదని గుర్తు చేసుకోవాలి.

నా ప్రాక్టీసు ముగిసిన రోజున ఆ కుర్రవాడు గేటు దాకా వచ్చాడు. అందరూ వింటుండగానే, "సార్, మనం మళ్ళీ ఎప్పుడు కలుస్తాం?" అని అడిగాడు.

తేడా తెలిసి అన్నాడో, పాత అలవాటు కొద్దీ అన్నాడో! నేను పరీక్షించలేదు. ఆ మాటలో నేను కూడా వున్నాను. నాకు అది చాలు.